యూదుల్ని దాచడమంటే అటక తలుపు వేయడమేనా?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీ జర్మన్ల నుంచి యూదుల్ని దాచిన కుటుంబాల గురించి చెప్పగానే ఒక మాట వినిపిస్తుంది: "అటక మీదికి ఎక్కించి తలుపేస్తే సరి, అంత టెన్షన్ దేనికి?" అది వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆగ్నేయ పోలండ్‌లో మార్కోవా అనే ఊరు. యూజెఫ్ ఉల్మా, భార్య విక్టోరియా, ఆరుగురు పిల్లలు. 1942 చివర్లో ఆ ఇంటికి గోల్డ్‌మన్ అనే పశువుల వ్యాపారి, నలుగురు కొడుకులు, ఇద్దరు ఆడవాళ్లు, ఒక చిన్నపాప వచ్చి చేరారు. ఎనిమిది మంది ఇంట్లో పదహారు మంది.

ఊరికి తెలియకుండా ఇంట్లో పెళ్లి చేయాలనుకోండి. చుట్టాల్ని గదిలో కూర్చోబెట్టొచ్చు. మరి బియ్యం బస్తాలు? పొయ్యి పొగ? ఎన్ని బిందెల నీళ్లు తోడారో పక్కింటావిడ లెక్కపెట్టదా? ఇక ఆ పెళ్లి ఏడాది దాటినా అవ్వకపోతే?

పైగా యూజెఫ్ ఫొటోగ్రాఫర్. తేనెటీగలు, పట్టుపురుగులు, పండ్లమొక్కలు పెంచేవాడు. అలాంటి ఇంటికి జనం రాకుండా ఉంటారా! దాక్కున్నవాళ్లు కూడా ఊరికే కూర్చోలేదు, యూజెఫ్‌తో కలిసి తోళ్లు పదును చేసేవారు. తిండికి డబ్బు కావాలి కదా.

పోలండ్‌ను ఆక్రమించిన జర్మన్లు 1941 అక్టోబరులో ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం యూదులకు ఆశ్రయమిచ్చినవాళ్లకీ మరణశిక్షే. అయితే జర్మన్లకు ప్రతి ఇల్లూ ఎలా తెలుస్తుంది? మన పెళ్లి గుట్టు కూడా బయటివాడు కాదు, లోపలి సంగతి తెలిసినవాడే విప్పుతాడు. గోల్డ్‌మన్‌ల ఆస్తి తన దగ్గర పెట్టుకున్న లెష్ అనే స్థానిక పోలీసే చెప్పి ఉంటాడని చరిత్రకారుల అంచనా. తిరిగివ్వాల్సిన పని తప్పుతుందని!

1944 మార్చి 24 తెల్లవారకముందే డీకెన్ అనే అధికారి కింద జర్మన్ పోలీసులు వచ్చారు. ముందు యూదుల్ని, తర్వాత యూజెఫ్‌నీ, నిండు గర్భిణి విక్టోరియానీ, చివరికి పిల్లల్నీ కాల్చేశారు. పెద్దపిల్లకి ఏడేళ్లు. ఆ ఇంట్లో దొరికిన ఒక ఫొటో మీద రక్తపు మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 1995లో ఇజ్రాయెల్‌లో యూదుల ఊచకోత స్మారక సంస్థ అయిన యాద్ వషెమ్ ఉల్మా దంపతుల్ని గౌరవించింది. 2016లో మార్కోవాలో మ్యూజియం పెట్టారు. 2023లో కాథలిక్ చర్చి ఆ కుటుంబానికి 'బ్లెస్డ్' హోదా, అంటే సెయింట్ హోదాకి ముందు మెట్టు, ఇచ్చింది. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. చెప్పనిది ఏంటంటే, ఆ కాల్పులు కళ్లారా చూసిన ఊళ్లోనే వేరే ఇళ్లలో కనీసం 20 మంది యూదులు యుద్ధం ముగిసేదాకా బతికారు. లెష్‌ను 1944లోనే, జర్మన్లతో పోరాడుతున్న పోలిష్ రహస్య దళాలు చంపేశాయి. డీకెన్ మాత్రం పశ్చిమ జర్మనీలో మళ్లీ పోలీసు ఉద్యోగమే చేసుకుని, ఏ శిక్షా లేకుండా 1960లో పోయాడు.