జోర్జో మొరాండి: అవే సీసాలు, మళ్లీ మళ్లీ

[తెర మీద: బూడిద, లేత గోధుమ రంగుల్లో నాలుగైదు సీసాలు, డబ్బాలు]

ఈ బొమ్మ ఒకసారి బాగా చూడండి. చూశారా? ఇప్పుడు ఇది.

[తెర మీద: దాదాపు అలాంటిదే మరో బొమ్మ]

అదే తెల్ల సీసా, అవే డబ్బాలు. ఒకే బొమ్మ రెండుసార్లు చూపించానని అనుకుంటారేమో, కాదు. రెండోదాంట్లో సీసా కాస్త పక్కకు జరిగింది, అంతే. ఇటలీ చిత్రకారుడు జోర్జో మొరాండి ఈ జరపడం మీదే జీవితమంతా గడిపారు.

ఆయన 1890లో బొలోన్యాలో పుట్టారు, 1964లో అక్కడే పోయారు. పెళ్లి చేసుకోలేదు. వియా ఫొందాట్సా అనే వీధిలోని ఇంట్లో తల్లితో, ముగ్గురు చెల్లెళ్లతో ఉండేవారు. పడకగదే స్టూడియో. అందులోకి వెళ్లాలంటే చెల్లెళ్ల గది దాటుకుని వెళ్లాల్సిందే. ఇటలీ దాటి బయటికి వెళ్లింది కూడా బాగా తక్కువ, అదీ వయసు మళ్లాక పక్కనున్న స్విట్జర్లాండ్‌కి.

ఇదంతా విని కొందరు ఆయన్ని సన్యాసిని చేసేశారు. నాకైతే అది సగం కథే అనిపిస్తుంది. ఆయన చాలా ఏళ్లు స్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారు. 1930 నుంచి 1956 దాకా బొలోన్యా ఆర్ట్ అకాడమీలో ఎచింగ్, అంటే లోహపు రేకు మీద గీతలు గీసి ఆమ్లంతో చెక్కి కాగితం మీద అచ్చు తీసే పద్ధతి, నేర్పిన ప్రొఫెసర్. 1928లో రాసుకున్న చిన్న ఆత్మకథలో ఫాసిజం మీద తనకు నమ్మకం ఉందని చెప్పుకున్నారు. అదే మనిషి 1943లో, ఫాసిస్టు వ్యతిరేకులైన మిత్రులతో పరిచయం వల్ల కొద్ది రోజులు జైల్లోనూ ఉన్నారు. లోకం తెలియని మనిషేం కాదు.

[తెర మీద: స్టూడియో బల్ల, దుమ్ము పట్టిన సీసాలు]

సరే, ఆ గదిలోకి వెళ్దాం. బజార్లో దొరికే మామూలు సీసాలు, కూజాలు, రేకు డబ్బాలు. గాజు మెరిస్తే ఆయనకు నచ్చదు. అందుకే కొన్ని సీసాల్లోపల రంగు పట్టించేవారు, కొన్నింటికి బయట పూసేవారు. లేబుళ్లు తీసేసేవారు. పైన పేరుకున్న దుమ్ము కూడా తుడవనిచ్చేవారు కాదు. అలా మెరుపు పోయాక మిగిలేది ఆకారం, దాని మీద పడే వెలుతురు.

ఇక వాటిని పేర్చడం. బల్ల మీద కాగితం పరిచి, ఏ వస్తువు ఎక్కడుందో దాని అడుగు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసేవారు. ఆ కాగితాల మీద గీతల మీద గీతలు, గజిబిజిగా కనిపిస్తాయి. ఎన్నిసార్లు జరిపి ఉంటారో చూడండి!

[తెర మీద: మొదటి బొమ్మ, సీసా అంచు దగ్గరగా]

ఇక్కడ ఆగండి. సీసా అంచు, వెనక డబ్బా అంచు సరిగ్గా ఒకే గీత మీద కలిశాయి. ఏది ముందుంది, ఏది వెనకుంది? కన్ను తేల్చుకోలేదు. రెండు వస్తువుల మధ్య ఖాళీ చూడండి, అది కూడా ఒక వస్తువులాగే నిలబడింది. గీతలు కూడా నిటారుగా లేవు, చెయ్యి కాస్త వణికినట్టున్నాయి. వేయడం రాక కాదు. 1918, 1919 నాటి ఆయన మెటాఫిజికల్ బొమ్మల్లో (మామూలు వస్తువుల్ని కలలోలా వింతగా చూపే అప్పటి ఇటలీ శైలి అది) అంచులు కత్తితో కోసినట్టుంటాయి. ఆ పద్ధతిని రెండు మూడేళ్లలోనే వదిలేశారు. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్‌ని, పాత ఇటలీ చిత్రకారుల్లో పియెరో దెల్లా ఫ్రాంచెస్కాని ఎంతో ఇష్టపడేవారు. ఆయన బొమ్మల్లోని నిలకడ వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే.

ఎచింగ్ మాత్రం పాత పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నారు. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా సన్న గీతలే, వాటితోనే నీడంతా.

పేరు రావడానికి టైం పట్టింది. 1948లో వెనిస్ బియెన్నాలె అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో బహుమతి, 1957లో బ్రెజిల్‌లోని సావో పాలోలో అలాంటి ప్రదర్శనలోనే పెయింటింగ్‌కి అత్యున్నత బహుమతి. వేసవికి వెళ్లి ప్రకృతి దృశ్యాలు వేసుకునే కొండ ఊరు గ్రిజ్జానా, 1985లో గ్రిజ్జానా మొరాండి అయింది.

బొలోన్యా వెళ్తే మొరాండి మ్యూజియం ఉంది, చూడండి. చాలావరకు చిన్న కాన్వాసులే. ఫోన్లో చూస్తే ఆ బూడిద రంగులన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఈ వీడియోలో కూడా అంతే.