రాలే జుట్టు, అమ్ముడుపోయే భయం

పెద్దలకు, తోటి వృత్తిదారులకు నమస్కారం. వేదిక మీదివారి పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం అక్కడికే సరిపోతుంది, మన్నించాలి. సంఘ భవనం పై అంతస్తు గురించి మాట్లాడమన్నారు. చందాల సంగతి కోశాధికారి గారు నాకంటే గట్టిగా చెప్పగలరు. నేను జుట్టు గురించి మాట్లాడతాను.

మన హన్మకొండ సెలూన్ కుర్చీల్లో ఇప్పుడు బట్టతల మీద ఆపరేషన్‌తో జుట్టు నాటించుకున్న కుర్రవాళ్లు తరచుగా కూర్చుంటున్నారు. వాళ్లు చెప్పకపోయినా, వెనక మెషిన్ పెట్టగానే, నాటడానికి కుదుళ్లు తీసిన చోట ఉండే సన్నటి తెల్లచుక్కలు మనకు చెబుతాయి. డాక్టరును అడగడానికి మొహమాటపడే ప్రశ్న మనల్ని అడుగుతారు: "అన్నా, నాటినవి రాలిపోతున్నాయి. డబ్బు పోయినట్టేనా?"

పోలేదు. నాటిన వెంట్రుకల్లో చాలావరకు రెండో వారం నుంచి ఎనిమిదో వారం లోపు రాలిపోతాయి. కుదురు చర్మం కిందే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు సన్నటి జుట్టు మొదలవుతుంది, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది. పక్కనున్న పాత జుట్టు కూడా ఆ దెబ్బకు కొంత రాలవచ్చు. అందులో అప్పటికే బక్కచిక్కినవి తిరిగి రాకపోవచ్చు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. చెబుతున్నారా?

మా అన్న కొడుకు సంగతి వినండి. కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు వెళ్లి నాటించుకొచ్చాడు. మా అమ్మకు చెప్పలేదు. ఆమేమో మనవడికి సంబంధం కుదిరితే తలనీలాలు ఇప్పిస్తానని వేములవాడ రాజన్నకు మొక్కుకుని ఉంది. సంబంధం కుదిరింది! ఒకవైపు అప్పు చేసి నాటించుకున్న జుట్టు, ఇంకోవైపు దేవుడి బాకీ. మూడో వారంలో దిండు నిండా వెంట్రుకలు చూసి మా అమ్మ, "నువ్వు ఇవ్వకపోతే రాజన్నే తీసుకుంటున్నాడురా" అంది. నవ్వండి, నేనూ నవ్వాను. వాడు మాత్రం నవ్వలేదు. కాగితం పొట్లం తెచ్చి నా ముందు విప్పాడు. అన్నీ పొట్టి వెంట్రుకలు, ఒక్కోదాని కొసన నలకంత తెల్లటి ముద్ద. "వేరుతో సహా వచ్చేశాయి చిన్నాయనా" అన్నాడు. అది వేరు కాదు. రోజూ మన దువ్వెనలో రాలే వెంట్రుకకూ ఆ తెల్ల కొన ఉంటుంది.

నా దగ్గరికి రాకముందే వాడు ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఎత్తింది డాక్టరు కాదు, ప్యాకేజీలు అమ్మే మనిషి. "రాలుతున్నాయా? వెంటనే పీఆర్పీ తీసుకోండి, లేజర్ టోపీ కూడా, ఆఫర్ ఇవాళే ఆఖరు." వాడు వాయిదాల మీద కట్టేశాడు. నా మంట అక్కడే! దానంతట అదే తగ్గే రాలుడును చూపించి భయాన్ని అమ్ముతున్నారు.

పీఆర్పీ అంటే మన రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని తలలోకి సూదితో ఎక్కించడం. కొందరికి మేలు చేస్తుందని పరిశోధనలున్నాయి. ఎన్నిసార్లు, ఎంత అన్నదానికి మాత్రం అందరూ ఒప్పుకున్న లెక్క లేదు. మినాక్సిడిల్ మొదట రక్తపోటు మందు. తలకు రాసుకునేందుకు 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదలుపెట్టిన కొత్తలో అదే కొంత జుట్టు రాలుస్తుంది, అప్పుడూ ఇదే కంగారు. బట్టతలకు 1997లో అక్కడే అనుమతి పొందిన ఫినాస్టరైడ్ మాత్ర మిగిలిన పాత జుట్టును కాపాడటానికి పనికొస్తుంది. నాటించుకున్నంత మాత్రాన బట్టతల ఆగదు కదా. కాని కొందరిలో లైంగిక సమస్యలు తెస్తుంది, డాక్టరు చెప్పకుండా మింగేది కాదు. బయోటిన్ అనే విటమిన్ పెద్ద మోతాదులో వాడితే థైరాయిడ్, గుండెపోటు పరీక్షల ఫలితాలే తప్పుగా రావచ్చు. ఎక్సోసోములంటూ, అంటే కణాలు వదిలే అతిసన్నటి తిత్తులంటూ, కొత్తగా అమ్ముతున్నవాటికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతే లేదు.

చీము, జ్వరం, చర్మం నల్లబడటం, పెరుగుతున్న నొప్పి ఉంటే మనం సలహా చెప్పకూడదు. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికో, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో ఆ పూటే పంపండి. మొక్కుల సంగతీ అంతే, కత్తి ఎప్పుడు పెట్టాలో డాక్టరునే అడగమనండి. మా అమ్మ కూడా చివరికి, "రాజన్నకు తొందర లేదులే" అని ఒప్పుకుంది.

ఇక అసలు మాట. తమ్ముళ్లూ, తలకింత అని కమీషన్ తీసుకుని జుట్టు నాటే ఆసుపత్రులకు మనుషులను పంపుతున్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. మన మీది నమ్మకంతో మెడ వంచి కత్తి కింద కూర్చునే మనిషిని అమ్ముకుంటామా? ఆ ఆసుపత్రుల కార్డులు ఎవరి అద్దం అంచున ఉన్నాయో నాకు తెలుసు. ఈ రాత్రి షట్టరు దించే ముందే తీసేయండి.