మీటర్ అబద్ధం చెప్పడం కూడా సిమ్యులేటర్‌కి రావాలి

హోస్ట్: సార్, కంట్రోల్ రూమ్ ఆపరేటర్ల ట్రైనింగ్ సిమ్యులేటర్ రాయడంలో అసలు కష్టం ఎక్కడండీ? స్క్రీన్‌లేనా?

గెస్ట్: స్క్రీన్‌లదేముందండీ, ప్లాంట్‌లో ఉన్న డీసీఎస్ స్క్రీన్‌లనే, అంటే ప్లాంట్‌ని నడిపే కంప్యూటర్ సిస్టమ్ స్క్రీన్‌లనే, తెచ్చి పెడతాం. వాటి వెనక పంపులు, వాల్వులు, కాలమ్‌లు, ఎక్కడ ఎంత ఫీడ్, అంటే లోపలికి పంపే సరుకు, వస్తోంది, ఎంత వేడి పోతోంది అని లెక్కగట్టే మోడల్ ఉంటుంది, అదీ గడియారంతో సమానంగా నడవాలి. కష్టమే గానీ దారి తెలిసిన కష్టం. ప్లాంట్ సవ్యంగా నడిచేటప్పటి రీడింగులు ఉంటాయి కాబట్టి సరిచూసుకోవచ్చు. పాడైనప్పుడు ఎలా ఉంటుందో చెప్పే రీడింగులే దొరకవు.

హోస్ట్: అంటే యాక్సిడెంట్ అయ్యేదాకా తెలీదా?

గెస్ట్: త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం చూడండి, పెన్సిల్వేనియాలో, 1979 మార్చి 28. రియాక్టర్ నీళ్ల ప్రెషర్‌ని నిలబెట్టే ట్యాంకు ప్రెజరైజర్, దాని మీద ప్రెషర్ ఎక్కువైతే వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు, రియాక్టర్ నీళ్లు పోతూనే ఉన్నాయి. ప్యానెల్ మీద లైట్ మాత్రం వాల్వ్ మూసుకుందన్నట్టు ఆరిపోయింది, ఎందుకంటే అది వాల్వ్‌కి వెళ్లే కరెంటుని బట్టి వెలిగే లైటు, వాల్వ్ మూసుకుందో లేదో దానికేం తెలుసు! ప్రెషర్ పడుతోంది, ప్రెజరైజర్ లెవెల్ పెరుగుతోంది. నీళ్లు ఎక్కువయ్యాయనుకుని ఆపరేటర్లు ఎమర్జెన్సీ నీళ్లు తగ్గించేశారు. ఇంధనం ఉండే కోర్ దాదాపు సగం కరిగిపోయింది.

హోస్ట్: వాళ్లకి సిమ్యులేటర్ ట్రైనింగ్ లేదా?

గెస్ట్: ఉందండీ, అదే బాధ. వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో రియాక్టర్ కంపెనీదే సిమ్యులేటర్ ఉండేది. ప్రెషర్ తగ్గుతూ ఉంటే లెవెల్ పెరగడమనేది దానికి రానే రాదని ఆ ప్రమాదాన్ని విచారించిన కెమెనీ కమిషన్ తర్వాత తేల్చింది. ఆపరేటర్లను తిట్టడం తేలిక, వాళ్లు చూడని దాన్ని ఎలా గుర్తుపడతారు?

హోస్ట్: మరి కోడ్‌లో ఏం చేస్తారు?

గెస్ట్: ట్యాంకులో నిజంగా ఉన్న లెవెల్ ఒక వేరియబుల్, దాన్ని కొలిచి కంట్రోల్ రూమ్‌కి పంపే ట్రాన్స్‌మిటర్ చూపించేది ఇంకొకటి. రెండూ ఒకటే అని రాసేస్తే పని తొందరగా అయిపోతుంది, కొత్తగా చేరినవాళ్లు అలాగే రాస్తారు కూడా. ట్రాన్స్‌మిటర్ కూడా ఒక పరికరమే కదా, దాని రేంజ్ ఎంత, ఏ డెన్సిటీకి కాలిబ్రేట్ చేశారు, ద్రవం వేడెక్కితే ఏం చూపిస్తుంది, ఇదంతా రాయాలి. 2005లో టెక్సస్ సిటీ రిఫైనరీలో స్టార్టప్ చేస్తుంటే టవర్ 158 అడుగుల దాకా నిండిపోయింది, ట్రాన్స్‌మిటర్ సుమారు 8 అడుగులే చూపించింది, అదీ మెల్లగా తగ్గుతున్నట్టు! పొంగి పేలుడు జరిగి 15 మంది చనిపోయారు. అలాంటి స్టార్టప్ ప్రాక్టీస్ చేయడానికి వాళ్లకి సిమ్యులేటర్ లేదు.

హోస్ట్: మీటర్ తప్పు చూపిస్తుందని ట్రైనింగ్‌లో ముందే చెప్తారా?

గెస్ట్: చెప్తే ఇంకేముంది! ఇన్‌స్ట్రక్టర్ తన కన్సోల్ నుంచి చప్పుడు లేకుండా రీడింగ్‌ని కొంచెం కొంచెం జరుపుతాడు. కావాలంటే అక్కడే ఆపేసి, వెనక్కి తీసుకెళ్లి మళ్లీ నడిపిస్తాడు. అలారం రాగానే ట్రైనీ ఎంత తొందరగా నొక్కాడన్నది నేను పెద్దగా పట్టించుకోను. టెక్సస్ సిటీలో మూడు గంటలకు పైగా ఫీడ్ లోపలికి వెళ్తూనే ఉంది, కింద నుంచి ఏమీ బయటికి రాలేదు. ఆ లెక్క చూసి లెవెల్‌ని అనుమానిస్తాడా, గేజ్ చూసి రమ్మని ఫీల్డ్ ఆపరేటర్‌ని అడుగుతాడా, అది చూస్తాను.

హోస్ట్: ఆ ఫీల్డ్ ఆపరేటర్ ఎవరు, అక్కడ ప్లాంటే లేదు కదా?

గెస్ట్: ఇన్‌స్ట్రక్టరే. వాకీటాకీలో కావాలనే ఆలస్యంగా జవాబిస్తాడు, నిజం ప్లాంట్‌లో అయితే ఆ గేజ్ దాకా నడిచి వెళ్లాలి కదండీ.