నలుగురి పేర్లూ రాయండి

(విశాఖపట్నంలో ఒక కాలేజీ మ్యూజిక్ క్లబ్ వార్షికోత్సవంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన క్లబ్ పిల్లలకి, కుర్చీలు చాలక వెనక నిలబడ్డవాళ్ళకి కూడా. ఒక్కొక్కరి పేరూ చెప్పాలనే ఉంది కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు. నా తర్వాత మీ బ్యాండ్ వాయించాలి. వాళ్ళ సౌండ్ చెక్ ఇందాక బయట నిలబడి విన్నాను. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

విమర్శకులు మెచ్చుకున్నా జనానికి ఏళ్ళ తరబడి తెలియకుండా ఉండిపోయి, ఆ తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న బ్యాండ్ల గురించి మాట్లాడమన్నారు. అలాంటివి చాలా ఉన్నాయి. నేను ఒక్కదాని గురించే చెబుతాను. ఆర్.ఈ.ఎం. అనే అమెరికన్ రాక్ బ్యాండ్. నేను రుణపడి ఉన్నది దానికే.

1992లో మా వీధి మొత్తానికి కేబుల్ ఉన్నది మా పెదనాన్న గారింట్లోనే. సాయంత్రం ఎంటీవీ చూడటానికి పిల్లలందరం అక్కడే చేరేవాళ్ళం. ఒకరోజు ఒక పాట మాండొలిన్‌తో మొదలైంది. మాండొలిన్ అంటే మనకి పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారు, కర్ణాటక సంగీతం. అదే వాయిద్యం రాక్ పాటలో వినపడేసరికి నేను లేచి టీవీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పాట పేరు ‘లూజింగ్ మై రెలిజియన్’. ఆ పేరు విని మా పెదనాన్న మతం వదిలేయమని చెప్పే పాట అనుకుని టీవీ ఆపేశారు. అమెరికా దక్షిణ ప్రాంతంలో ఆ మాటకి అర్థం ఓపిక నశించడమని, మతంతో సంబంధమే లేదని నాకు తెలిసేసరికి ఆయన లేరు. ఆ వీడియో తీసిన తర్సేమ్ సింగ్ మన జలంధర్‌లో పుట్టినవాడని కూడా ఆయనకి చెప్పలేకపోయాను.

అప్పుడు మేమందరం అది కొత్త బ్యాండ్ అనుకున్నాం. ఎవరో కుర్రాళ్ళు, ఒక్క పాటతో ప్రపంచమంతా తెలిసిపోయారు అని. పొరపాటు. ఆ పాట 1991లో వచ్చింది. వాళ్ళు మొట్టమొదటిసారి జనం ముందు వాయించింది 1980 ఏప్రిల్ 5న. జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊళ్ళో, ప్రార్థనలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో, స్నేహితురాలి పుట్టినరోజు పార్టీకి. ఈ మధ్యలో పదకొండేళ్ళున్నాయి. ఆ పదకొండేళ్ళ గురించే నేనివాళ మాట్లాడాలనుకున్నది.

గిటారిస్టు పీటర్ బక్ ఆ ఊళ్ళో రికార్డుల షాపులో పనిచేసేవాడు. గాయకుడు మైకేల్ స్టైప్ అక్కడికి రికార్డులు కొనడానికి వచ్చేవాడు. స్నేహం అలా కలిసింది. 1981లో ఒక చిన్న కంపెనీ వాళ్ళ మొదటి రికార్డు వెయ్యి కాపీలు వేసింది. అందులో 600 ఊరికే పంచిపెట్టడానికే. రికార్డు మీద కంపెనీ చిరునామా వేయడం కూడా మర్చిపోయారు. అయినా జనం వెతుక్కుని కొన్నారు, ఇంకో ఆరు వేలు వేయాల్సొచ్చింది. పాత నీలం రంగు వ్యాన్‌లో ఊళ్ళు తిరిగేవాళ్ళు. తిండికి మనిషికి రోజుకి రెండు డాలర్లు. పెద్ద రేడియో స్టేషన్లు పట్టించుకోలేదు. కాలేజీ రేడియోల్లో మీలాంటి విద్యార్థులే అర్ధరాత్రి కూర్చుని వాళ్ళ పాటలు వేశారు.

1983లో మొదటి ఆల్బమ్ ‘మర్మర్’ వచ్చింది. అదే ఏడాది మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ప్రపంచాన్ని ఊపేస్తోంది. రోలింగ్ స్టోన్ పత్రిక మాత్రం ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా ‘మర్మర్’ని ఎంచింది. అమ్ముడైంది సుమారు రెండు లక్షల కాపీలు, చార్టులో 36వ స్థానం దాటలేదు. మెచ్చుకోవడానికీ కొనడానికీ మధ్య అంత దూరం ఉంటుంది. 1987లో ‘ది వన్ ఐ లవ్’ అమెరికా చార్టులో 9వ స్థానానికి వచ్చేదాకా, ఐదో ఆల్బమ్ పది లక్షలు అమ్ముడయ్యేదాకా ఆ దూరం అలాగే ఉంది. ఆ తర్వాత పెద్ద కంపెనీతో ఒప్పందం, 1991లో ‘అవుట్ ఆఫ్ టైమ్’ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానం, మరుసటి సంవత్సరం మూడు గ్రామీ అవార్డులు. అవన్నీ మీ ఫోన్లోనే దొరుకుతాయి, వదిలేద్దాం.

నన్నడిగితే ప్రశ్న వేరే. పదకొండేళ్ళు నలుగురూ విడిపోకుండా ఎలా ఉండగలిగారు?

మీరు వాళ్ళ ఏ ఆల్బమ్ కవరైనా తీసి చూడండి. ఆ పదకొండేళ్ళలో వాళ్ళు చేసిన ప్రతి సొంత పాట కిందా నాలుగు పేర్లుంటాయి. బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. ట్యూన్ ఎవరికి తట్టినా, మాటలు ఎవరు రాసినా అవే నాలుగు పేర్లు, డబ్బు నాలుగు సమాన వాటాలు. పేర్లు అక్షర క్రమంలో రాస్తారు కాబట్టి మొదటి పేరు డ్రమ్మర్‌ది. బిల్ బెర్రీ. మూడోది బేస్ గిటారు వాయించే మైక్ మిల్స్‌ది. గాయకుడి పేరు చిట్టచివర. ఏ నిర్ణయమైనా నలుగురూ ఒప్పుకోవాలి, ఒక్కరు వద్దంటే ఆగిపోవాల్సిందే.

ఇది చిన్న విషయమని మీకనిపించొచ్చు. నాకూ అనిపించింది. అందుకే నా సంగతి చెప్పాలి. ఇప్పటిదాకా ఏ మైకులోనూ చెప్పలేదు.

1997లో మాకూ ఒక బ్యాండ్ ఉండేది, ఈ ఊళ్ళోనే. నలుగురం. మహారాణిపేటలో ఒక మేడ మీద గదిలో రిహార్సల్. నేను గిటారు వాయించి పాడేవాణ్ణి. మా డ్రమ్మర్ వాళ్ళ నాన్నగారికి సైకిల్ షాపుండేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి వాడు ఒక పాత రిమ్ముని ఒళ్ళో పెట్టుకుని స్పానర్‌తో కొడుతున్నాడు. ఏడు మాత్రల తాళంలో ఒక నడక. అడిగితే ఊరికే అన్నాడు. ఆ నడక నా తలలోంచి పోలేదు. ఇంటికెళ్ళి దానిమీద ట్యూన్ కట్టాను, మాటలు రాశాను. మా పాటల్లో జనం మళ్ళీ మళ్ళీ అడిగిన ఒక్క పాట అదే.

డబ్బులు పోగేసి 500 క్యాసెట్లు చేయించాం. క్యాసెట్ డబ్బాలో పెట్టే ఇన్‌లే కార్డు పని నేను తీసుకున్నాను. దానిమీద ‘రచన, సంగీతం, గానం’ అని పెద్ద అక్షరాల్లో నా పేరు వేయించాను. అడుగున చిన్న అక్షరాల్లో ‘సహకారం’ అని మిగతా ముగ్గురి పేర్లు. ప్రెస్ నుంచి కట్ట తెచ్చి గదిలో విప్పాం. మా డ్రమ్మర్ ఒకటి తీసి కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో పెట్టుకున్నాడు. ఒక్క మాట అనలేదు. ఆ రోజు రిహార్సల్‌కి కూర్చున్నాడు. మరుసటి వారం కూడా వచ్చాడు. ఆ తర్వాత రాలేదు. ఆర్నెల్లలో బ్యాండ్ లేదు.

ఆ క్యాసెట్ గురించి ఒక పత్రికలో నాలుగు మంచి వాక్యాలు వచ్చాయి. అందులో ఉన్నదీ నా పేరొక్కటే. అది కత్తిరించి దాచుకున్నాను. చాలా ఏళ్ళు అందరికీ ఒకటే చెప్పుకున్నాను, మన జనానికి మంచి సంగీతం పట్టదు, అందుకే మా బ్యాండ్ నిలవలేదు అని. అది అబద్ధం. జనానికి మేం టైమే ఇవ్వలేదు. ఆర్.ఈ.ఎం. పదకొండేళ్ళు ఎదురుచూసింది, మేం పదకొండు నెలలు లేం. మాకు విజయం వచ్చేదో లేదో తెలుసుకోవడానికైనా మేం మిగల్లేదు. దానికి కారణం ఒక కార్డు మీద నేను వేయించిన అక్షరాల సైజు.

క్షమించండి, టైమ్ అయిపోతోందని అక్కడినుంచి సైగ చేస్తున్నారు. ఇంకొక్క ఐదు నిమిషాలు. బిల్ బెర్రీ గురించి చెప్పకుండా దిగలేను.

‘మర్మర్’ చేసేముందు కంపెనీ వాళ్ళు రికార్డింగ్ నడిపించడానికి ఒక నిర్మాతని పెట్టారు. ఆయనకి అంతా తప్పు లేకుండా ఉండాలి. ఒకే పాటని వీళ్ళచేత పదే పదే వాయింపజేశాడు. బెర్రీ బాగా కుంగిపోయాడు. మిగతావాళ్ళు సర్దుకుపొమ్మని అతనికి చెప్పలేదు. ఆ నిర్మాతే మాకొద్దు, మా పాత మనుషులతోనే చేసుకుంటాం అని కంపెనీకి చెప్పారు. ఆ రోజుకి వాళ్ళకి పేరూ లేదు, డబ్బూ లేదు. డ్రమ్మర్ కోసం అలా నిలబడ్డారు.

‘ఎవ్రీబడీ హర్ట్స్’ మీలో చాలామంది వినే ఉంటారు. ఆ పాట ఎక్కువ భాగం బెర్రీ నుంచే వచ్చింది. అది నా పాట అని అతను చెప్పుకోవాల్సిన అవసరమే రాలేదు, నాలుగు పేర్లూ ఎలాగూ ఉన్నాయి కాబట్టి. 1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కచేరీ మధ్యలో అతనికి మెదడులో రక్తనాళం చిట్లింది. బతికి బయటపడ్డాడు. 1997లో ఇక చాలు, వెళ్తానన్నాడు. కానీ తను వెళ్తే బ్యాండ్ ఆగిపోయేటట్టయితే వెళ్ళనన్నాడు. మిగిలిన ముగ్గురూ కొనసాగిస్తామని మాటిచ్చాకే వెళ్ళి వ్యవసాయం చేసుకున్నాడు. మూడు కాళ్ళున్నా కుక్క కుక్కేనని, పరుగెత్తడం కొత్తగా నేర్చుకోవాలంతేనని స్టైప్ అన్నాడు. 2011లో బ్యాండ్ ముగించారు. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో పాటల రచయితల గౌరవ సభకి నలుగురూ వచ్చి, ఆ మాండొలిన్ పాటే కలిసి వాయించారు. ఆ వీడియోలో నేను బెర్రీ ముఖమే చూస్తూ కూర్చున్నాను. 1997 వాళ్ళకీ ఉంది, మాకూ ఉంది. వాళ్ళ డ్రమ్మర్ అలా వెళ్ళాడు, మా డ్రమ్మర్ ఇలా వెళ్ళాడు.

పిల్లలూ, మీరు క్యాసెట్లు వేయించరు, రాత్రికి రాత్రే ప్రపంచమంతటికీ పాట పెట్టేస్తారు. అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ ఫారంలో స్వరకర్త అని ఒక గడి ఉంటుంది. దాన్ని హడావుడిగా ఒక్కడే కూర్చుని నింపకండి. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, పాట హక్కులు అమ్మేసినా రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో వాటా ఉంటుంది. రచయితలూ స్వరకర్తలూ సభ్యులుగా ఉన్న ఐపీఆర్‌ఎస్ అనే సంస్థ ఆ డబ్బు వసూలు చేసి పంచుతుంది. ఎవరికి పంచుతుంది? పాట కర్తగా పేరు నమోదైన సభ్యుడికి. రిమ్ము మీద నడక కొట్టినవాడి పేరు మీరు రాయకపోతే ఏ చట్టమూ రాయదు. మొదటి పాట బయటికి రాకముందే, డబ్బు రాకముందే, స్నేహం బాగున్నప్పుడే నలుగురూ ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టండి. దయచేసి ఈ రాత్రికే పెట్టండి. మీరందరూ, వింటున్నవాళ్ళు, ఈ బ్యాండ్ గురించి ఎక్కడైనా రాస్తే పాడినవాళ్ళ పేరుతో ఆపకండి.

ఇంకొక్కటి చెప్పి దిగిపోతాను. 1983 అక్టోబరులో వీళ్ళు మొదటిసారి అమెరికా అంతా చూసే టీవీ షోకి, డేవిడ్ లెటర్‌మన్ షోకి వెళ్ళారు. రెండో పాటకి పేరు లేదు, అప్పుడే కట్టింది. దేశమంతా చూస్తుంటే పేరు లేని పాటే వాయించారు. లెటర్‌మన్ మాట్లాడించడానికి వస్తే స్టైప్ డ్రమ్స్ పెట్టిన అరుగు మీద కూర్చుండిపోయాడు, బక్, మిల్స్ మాట్లాడారు.

మీ మూడో పాటకి ఇంకా పేరు పెట్టలేదని ఇందాక సౌండ్ చెక్ దగ్గర విన్నాను. బాగుండదేమో, వదిలేద్దామా అనుకుంటున్నారు మీలో మీరు. వదలకండి, వాయించండి. అయ్యాక మైకు తీసుకుని మీ నలుగురి పేర్లూ చెప్పండి. డ్రమ్స్ వాయించే అమ్మాయి పేరు ముందు.