పిడికెడు బియ్యం లెక్క

(గుంటూరులో కొత్తగా ఎన్నికైన సంఘపెద్దల కూటంలో చేసిన ప్రసంగం)

అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘపెద్దలకు, స్త్రీల సమాజం సోదరీమణులకు ప్రభువు పేరిట వందనాలు.

ఎన్నికలు అయిపోయాయి. ప్యానెళ్లు, కరపత్రాలు, ఇంటింటికీ తిరగడాలు, అన్నీ అయ్యాయి. ఇక మిగిలింది నెలనెలా కూర్చోవాల్సిన కమిటీ. ఆరాధనకు మనసు సిద్ధం చేసుకుని వస్తాం. కమిటీకి మాత్రం వాదనకు సిద్ధపడి వస్తాం. ప్రార్థనతోనే మొదలుపెడతాం, కానీ ఆమెన్ అన్న మరుక్షణం గొంతులు మారిపోతాయి. ఏళ్ల తరబడి ఆ గదుల్లో కూర్చున్నాను. మన విశ్వాసం ఏపాటిదో ప్రసంగ వేదిక మీదకన్నా అక్కడే బాగా తెలుస్తుందని నా నమ్మకం.

బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీయండి. అక్కడ సంఘంలో సణుగుడు పుట్టింది అన్నం దగ్గర. రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రను పట్టించుకోవడం లేదన్నారు. పన్నెండుమంది శిష్యులు వాళ్ల నోరు మూయించలేదు. అందరినీ పిలిచి, ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. ఆ పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. మాకు అన్యాయం జరిగిందన్నవాళ్లలోంచే మనుషుల్ని తీసుకుని, పంపకం వాళ్ల చేతికే ఇచ్చారని నాకనిపిస్తుంది.

మన దగ్గర అడిగినవాణ్ని ఎదుటి ప్యానెల్ మనిషి అంటాం. ఏ పేట మాట, ఏ ఇంటి మాట అని చూస్తాం. బాప్తిస్మంతో పోవాల్సిన కులం లెక్క కమిటీ కూర్పులో ఇంకా బతికే ఉంది. ఈ మాట చాలామందికి కష్టంగా ఉంటుంది. కానీ సంఘపెద్దల ముందు కాకపోతే ఇంకెక్కడ అంటాం?

ఆదివారం ఆరాధన అయ్యాక కానుకలు లెక్కపెట్టే బల్ల దగ్గర ఒకసారి నిలబడండి. నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోటు ఉంటుంది. చెమటకు మెత్తబడి, విప్పబోతే మడత దగ్గర చిరుగుతుంది. కొంగు ముడిలోంచి వచ్చిన నోటది. పక్కనే పిడికెడు బియ్యం సంచులు. మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లొచ్చి, ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి డబ్బాలో వేస్తుంది ఆ తల్లి. పూటపూటకీ వేస్తుంది. సంచి విప్పితే రేషన్ బియ్యం, సన్నబియ్యం కలిసిపోయి కనిపిస్తాయి. వేలం వేసి, వచ్చిన డబ్బును బియ్యం కానుక అని ఒక్క వరసలో జమ రాస్తాం.

ఆ డబ్బు ఖర్చు గురించి మాట్లాడే గదిలో ఆమె ఉండదు. షాపుల అద్దెలకు గంట పడుతుంది. సౌండ్ సిస్టానికి ఇంకో గంట. విధవరాలి వైద్యం దరఖాస్తు 'ఇతర విషయాలు' కిందికి వస్తుంది. అప్పటికి సగం మంది చెప్పులు వేసుకుంటూ ఉంటారు.

వాదించుకోవద్దని నేననడం లేదు. అదే పుస్తకం పదిహేనో అధ్యాయంలో యెరూషలేము సభలో చాలా తర్కం జరిగింది. తర్వాత అందరూ మాటలాపి, బర్నబా, పౌలు చెప్పింది విన్నారు. మనం అక్కడిదాకా వెళ్లడం లేదు. తర్కం దగ్గర లేచి కోర్టుకు పోతున్నాం. మన పిల్లలు ఇదంతా చూస్తున్నారు. వాళ్లు గుడికి దూరమవుతుంటే నాకు గుండె కోతగా ఉంది.

1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చిన ఊరు ఇది. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు. స్త్రీ వైద్యురాలిని పంపడానికి మిషన్ బోర్డు అప్పటికి సిద్ధంగా లేదు, ఉపాధ్యాయినిగా పంపింది. ఆమె వచ్చి ఇక్కడి ఆడవాళ్లకు వైద్యం చేశారు. బోర్డు మనసు మార్చుకుంది. 1898లో ఆసుపత్రి తెరుచుకుంది. ఆమె పట్టుదలను అందరూ చెప్పుకుంటారు. తన మాట తాను మార్చుకున్న ఆ బోర్డును కూడా నేను గౌరవిస్తాను. అంత పని మన కమిటీలు చేయగలిగితే చాలు.

అందుకని అడుగుతున్నాను. వచ్చే నెల అజెండాలో విధవరాండ్ర సాయం, వైద్యం దరఖాస్తులు మొట్టమొదట రాయండి. లెక్కలు చదివేటప్పుడు బియ్యం కానుక తెచ్చేవాళ్లలోంచి ఇద్దరిని కుర్చీ వేసి కూర్చోబెట్టండి, అడిగినదానికి జవాబు చెప్పండి. మీటింగు రాత్రి తొమ్మిదికి పెడితే కూలికి వెళ్లొచ్చిన మనిషి రాలేకపోతుంది. ఆదివారం ఆరాధన అవగానే పెట్టండి. కార్యదర్శిగారు ఇక్కడే ఉన్నారు, తీర్మానాల పుస్తకం కూడా ఆయన చేతిలోనే ఉంది. దీన్ని తీర్మానంగా రాయమని ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్లు చెప్పండి.