ఇటు రా, ఇది చూడు

అందరికీ నమస్కారం.

పల్లెటూరి ఇంట్లో సంతోషాలేమిటని అడిగితే మనకు ముందు గుర్తొచ్చేవి పెద్దవి. పెళ్ళి, పంట బాగా చేతికి రావడం, పిల్లలకు ఉద్యోగం రావడం. అవి ఏడాదికి ఒకటో రెండో. కొన్నేళ్ళు అవీ ఉండవు. మరి మిగిలిన రోజుల్లో ఆ ఇంట్లోవాళ్ళని హుషారుగా ఉంచేది ఏమిటి? ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది ఆ మిగిలిన రోజుల గురించే.

పల్లెలో చిన్న సంతోషాలు పని మానుకుని వెతుక్కుంటే దొరికేవి కావు. పని మధ్యలోనే ఎదురవుతాయి. మేత వేయడానికి వెళ్ళినవాళ్ళకి దూడ గంతులు కనిపిస్తాయి. పాదుకి నీళ్ళు పోయడానికి వెళ్ళినవాళ్ళకి నిన్న లేని మొలక కనిపిస్తుంది. అయితే ఒక్కరికి కనిపించినంత మాత్రాన అది ఇంటి సంతోషం కాదు. చూసినవాళ్ళు ఇంటివైపు తిరిగి "ఇటు రా, ఇది చూడు" అని ఎవర్నో ఒకర్ని పిలవాలి. పిలిస్తే ఎవరో ఒకరు రావాలి. ఆ పిలుపు, ఆ రావడం ఉన్న ఇంట్లో విసుగు తక్కువగా ఉంటుందని నా నమ్మకం.

పొదుగుకి కూర్చున్న కోడి సంగతి తీసుకోండి. ఇంతకంటే మంచి వినోదం నాకు తెలియదు. ఇరవై ఒక్క రోజులు. తేదీ ముందే తెలుసు కాబట్టి పిల్లలు ఎదురుచూడటానికి వీలైన పని. కోడి రోజుకి ఒకసారి తిండికీ నీళ్ళకీ దిగుతుంది, గబగబా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. కూర్చున్నంతసేపూ ముక్కుతో గుడ్లని పొర్లిస్తూ ఉంటుంది. అలా పొర్లించకపోతే లోపలి పిండం పెంకు పొరకి అతుక్కుపోతుంది. వారం దాటాక చీకటి గదిలో గుడ్డు వెనక టార్చి లైటు పెట్టి చూస్తే సన్నని ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుని కనిపిస్తాయి. మధ్యలో ఒక నల్లటి చుక్క. ఒక్కోసారి ఆ చుక్క కదులుతుంది. కొన్ని సెకన్లు చూసి గుడ్డుని మళ్ళీ కోడి కిందకి చేర్చాలి. ఆ కొన్ని సెకన్ల కోసం ఇంట్లో పిల్లలంతా ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగి చూస్తారు.

చివరి రోజుల్లో ఇంకా బాగుంటుంది. పగలకముందే గుడ్డులోంచి పిల్ల కిచకిచమంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినపడుతుంది. తల్లికోడి కూడా మెల్లగా గొంతు కలుపుతుంది. పెంకు పగలగొట్టడానికి పిల్ల ముక్కు కొసన చిన్న గట్టి బుడిపె ఉంటుంది. పుట్టిన కొన్నాళ్ళకి అది రాలిపోతుంది. మొదటి పగులు కనిపించాక పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి దాదాపు రోజంతా పడుతుంది. అప్పుడు పిల్లలకి చేతులు ఆగవు. పాపం కష్టపడుతోంది, పెంకు తీసేద్దాం అంటారు. తీయకూడదు. ఆ సమయంలో లోపలి పొరలోని నెత్తురూ, మిగిలిన పచ్చసొనా ఇంకా పిల్ల ఒంట్లోకి చేరుతుంటాయి. తొందరపడి పెంకు ఒలిస్తే నెత్తురు కారి చచ్చిపోవచ్చు. ఊరికే కూర్చుని చూడాలి, అంతే. చేతులు కట్టుకుని చూడటమే సాయం చేయడమైన సందర్భాలు పిల్లలకి ఎన్ని దొరుకుతాయి?

ఇంకో వింత. ఆ పచ్చసొన బలంతో కొత్త పిల్ల రెండు మూడు రోజులు తిండి లేకుండా ఉండగలదు. అందుకే ముందు పుట్టిన పిల్లలు తల్లి రెక్కల కింద నిశ్చింతగా ఉంటాయి. తల్లి మిగతా గుడ్ల మీంచి లేవకుండా కూర్చోగలుగుతుంది. ఈ ఒక్క ముక్క పిల్లలకి చెప్పి చూడండి, వాళ్ళు కోడిని చూసే చూపే మారిపోతుంది.

ఆవు ఈనడం కూడా అలాంటిదే, కాకపోతే అక్కడ టెన్షన్ ఎక్కువ. తొమ్మిది నెలలు దాటి మోసిన తల్లి అది. దూడ కింద పడ్డాక గంటా రెండు గంటల్లో నాలుగు కాళ్ళ మీద నిలబడాలి, పొదుగు వెతుక్కోవాలి. దూడ పుట్టేటప్పుడు దాని నెత్తురులో రోగాలని తట్టుకునే శక్తి దాదాపు ఉండదు. అదంతా ముర్రుపాలలోంచే రావాలి, అదీ మొదటి కొన్ని గంటల్లోనే. అందుకే మొదటిసారి అది పొదుగు అందుకున్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళ మొహాలు చూడాలి. రాత్రి రెండు గంటలైనా సరే, పిల్లల్ని లేపి చూపించండి అంటాను నేను. బడిలో మర్నాడు కాస్త కునుకు తీసినా ఫరవాలేదు.

ఎండాకాలం చివర మొదటి చినుకులు పడగానే లేచే మట్టివాసన గురించి కొంచెం చెప్తాను. అది అందరికీ ఇష్టమే కానీ ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరూ అడగరు. 1964లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ వాసన మీద పరిశోధన ప్రచురించారు. ఎండ రోజుల్లో మొక్కల నుంచి వచ్చే నూనెలని మట్టి, రాళ్ళు పీల్చుకుంటాయి, చినుకు పడగానే వదులుతాయి. దానికి తోడు మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఉంది. లక్ష కోట్లలో కొన్ని వంతులున్నా మన ముక్కు దాన్ని పసిగడుతుంది. చినుకు నేలని తాకినప్పుడు దాని అడుగున గాలి చిక్కుకుని, బుడగలై పైకి వచ్చి పగులుతుంది, వాసనని గాల్లోకి చిమ్ముతుంది. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2015లో ఈ బుడగలని వేగవంతమైన కెమెరాలతో చిత్రించి చూపించారు. కుండపోత కంటే సన్నని జల్లుకే ఈ తుంపర ఎక్కువ లేస్తుందని కూడా తేల్చారు. ఈసారి జల్లు మొదలైనప్పుడు బట్టలు తీయడానికి పరిగెత్తేవాళ్ళు ఒక్క నిమిషం గుమ్మంలో ఆగండి. బట్టలు మళ్ళీ ఆరతాయి.

కీచురాళ్ళ సంగతి క్లుప్తంగా. మగవే అరుస్తాయి, అదీ గొంతుతో కాదు, ముందు రెక్కలు ఒకదానికొకటి రాసుకుని. వేడి పెరిగేకొద్దీ అరుపులు దగ్గరవుతాయి. ఎమోస్ డాల్బేర్ అనే అమెరికన్ 1897లోనే ఈ అరుపులని లెక్కపెట్టి ఉష్ణోగ్రత చెప్పే సూత్రం రాశాడు. ఆ సూత్రం అన్ని రకాల కీచురాళ్ళకీ పనిచేయదు. కానీ ఒక థర్మామీటరు, ఒక గడియారం ఉంటే మీ పెరట్లో కీచురాయికి సరిపోయే సూత్రం మీ పిల్లలే తయారుచేసుకోవచ్చు.

ఇలాంటి ఆసక్తితో బతికిన కుటుంబం ఒకటి చరిత్రలో ఉంది. చార్లెస్ డార్విన్ పేరు అందరూ విన్నదే. కోతి నుంచి మనిషి అంటూ ఆయన్ని గుర్తుపెట్టుకున్నాం కానీ, ఆయన 1842లో లండన్ వదిలి కెంట్ ప్రాంతంలోని ఒక చిన్న పల్లెకి కాపురం మార్చి, నలభై ఏళ్ళు అక్కడే ఉండి అక్కడే పోయాడని చాలామందికి తెలియదు. ఆ ఇంటి నిండా పిల్లలు. 1850లలో ఆయనకి ఒక సందేహం వచ్చింది. మగ తుమ్మెదలు ఎగురుతూ కొన్ని చోట్ల మాత్రమే ఆగి ఝుమ్మంటున్నాయి, రోజూ ఒకే దారిన వెళుతున్నాయి. ఆ దారి కనిపెట్టాలి. ఒక్కడివల్ల కాదు. అప్పుడు ఐదారుగురు పిల్లల్ని కంచెల వెంట, ఒక్కొక్కరిని ఒక్కో ఆగే చోట నిలబెట్టాడు. తుమ్మెద రాగానే అందరికంటే దూరాన ఉన్న పిల్లవాడు "ఇదిగో తుమ్మెద!" అని అరవాలి. తర్వాతి చోటికి రాగానే అక్కడి పిల్ల అరవాలి. ఆ కేక ఒకరి నుంచి ఒకరికి పాకుతూ చివరికి తండ్రి నిలబడ్డ చోటికి వచ్చేది. వాళ్ళ నాన్న ప్రపంచ ప్రసిద్ధుడవుతాడని ఆ పిల్లలకి అప్పుడు తెలియదు. కేకలు పెట్టి పరిగెత్తడం మాత్రం తెలుసు.

అదే ఇంట్లో వానపాముల్ని కుండీల్లో పెంచారు. వాటికి వినిపిస్తుందా అని లోహపు ఈల ఊదారు, బసూన్ అనే పెద్ద ఊదుడు వాద్యం వాయించారు, దగ్గరగా కూర్చుని అరిచారు. పాములు కదల్లేదు. కుండీల్ని తీసుకెళ్ళి పియానో మీదే పెట్టి ఒక్క స్వరం మోగిస్తే మాత్రం గబుక్కున బొరియల్లోకి దూరిపోయాయి. వాటికి చెవులు లేవు, కానీ అదురు తెలుస్తుంది. ఇంటి దగ్గర పొలంలో 1842లో సుద్దముక్కలు చల్లి, 29 ఏళ్ళు ఆగి, 1871లో కందకం తవ్వి చూశాడు. వానపాములు పైకి తెచ్చి పోసిన మట్టి కింద సుద్ద ఏడు అంగుళాల లోతుకి చేరింది. ఇదంతా ఆయన 1881లో ఒక పుస్తకంగా వేశాడు. ఆయనకి ఆస్తి ఉంది, నౌకర్లు ఉన్నారు, నిజమే. కానీ తుమ్మెదకీ వానపాముకీ డబ్బు ఖర్చు లేదు కదా.

ఆస్తి, నౌకర్లు అన్నాను కాబట్టి ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పల్లె జీవితం అంటే పచ్చదనం, ప్రశాంతత అని దూరం నుంచి మురిసిపోయే మాటలు నాకు నచ్చవు. అప్పు ఉన్న ఇంట్లో కోడిపిల్లల ముచ్చట అప్పు తీర్చదు. చిన్న సంతోషాలున్నాయి కదా, పెద్ద కష్టాల గురించి అడక్కండి అనే వాదనకి నా ప్రసంగాన్ని ఎవరూ వాడుకోవద్దు. నీళ్ళు, ఆసుపత్రి, గిట్టుబాటు ధర, ఇవి అడగాల్సిందే.

ఇంటి లోపల అడగాల్సింది కూడా ఉంది. "ఇటు రా, చూడు" అని పిలిచినప్పుడు ఎవరు రాగలుగుతున్నారు? పిల్లలు వస్తారు. మగవాళ్ళు వస్తారు. అమ్మ మాత్రం "వస్తున్నా, ఉండు" అంటుంది. పొయ్యి మీద ఏదో ఉంటుంది. ఆవిడ వచ్చేసరికి పిట్ట ఎగిరిపోతుంది. నిజానికి దొడ్లో, పెరట్లో అందరికంటే ఎక్కువ గడిపేది ఆవిడే, మొదట చూసేదీ ఆవిడే. కానీ పిలిచి చూపించే తీరిక ఉండదు, పిలిస్తే వచ్చే తీరికా ఉండదు. అయ్యలారా, గరిటె కాసేపు మీరు పట్టుకోండి. పదే నిమిషాలు. ఈ సభలో కూర్చున్న మగవాళ్ళలో ఒక్కరు ఈ పని చేసినా నేను వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

రాత్రి ఆకాశం పల్లెకి మిగిలిన ఆస్తి. ప్రపంచ జనాభాలో మూడోవంతు మందికి తామున్న చోటి నుంచి పాలపుంత కనిపించదని 2016లో వెలువడిన ఒక ప్రపంచ పటం లెక్క తేల్చింది. దీపాల వెలుగే కారణం. మీలో చాలామందికి అది ఇంకా కనిపిస్తుంది, తల ఎత్తితే చాలు. అయితే చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటుపడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర చూశారంటే మళ్ళీ మొదటికి వస్తారు. అందుకే ఫోన్లు లోపల పెట్టి బయట పడుకోండి. చంద్రుడు రోజుకి సగటున యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. రేపు ఎన్నింటికి, ఏ చెట్టు పక్క నుంచి వస్తాడో పందెం వేసుకోండి. డిసెంబరు 14 చుట్టుపక్కల రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు రాలతాయి. మబ్బు లేకుండా, చంద్రుడు అడ్డురాకుండా ఉంటే అర్ధరాత్రి దాటాక గంటలో పదులకొద్దీ చూడొచ్చు.

ఆఖరుగా ఒక పని అప్పగిస్తాను. ఇంగ్లండులో నార్ఫోక్ ప్రాంతంలో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో ఒక అలవాటు మొదలుపెట్టాడు. ఏటా మొదటి పువ్వు ఎప్పుడు పూసింది, ఏ చెట్టు ఎప్పుడు చిగురించింది, కప్పలు ఎప్పుడు అరిచాయి, వలస పిట్ట ఎప్పుడు కనిపించింది అని తేదీలు రాసుకున్నాడు. ఆయన తర్వాత ఆయన సంతతి 1958 దాకా రాస్తూ వచ్చారు. రెండు వందల ఏళ్ళకి పైగా ఒకే కుటుంబం! అన్నేళ్ళ తర్వాత వాతావరణ మార్పుని అధ్యయనం చేసేవాళ్ళకి ఆ రాతలు నిధిగా మారాయి. వాళ్ళు రాసింది సైన్సు కోసం అనుకోను. ఏటేటా మొదటి కప్ప అరుపు కోసం చెవి ఒగ్గడం ఆ ఇంటివాళ్ళకి ఇష్టం.

మీ ఇంట్లో గోడ క్యాలెండరు ఉంటుంది కదా. పాలవాడి లెక్కలూ, గ్యాసు తేదీలూ రాసే ఆ గళ్ళలోనే రాయండి. మొదటి వాన. కోడి పొదుగుకి కూర్చున్న రోజు. దూడ పుట్టిన గంట. మొదటి మిణుగురు. చూసినవాళ్ళ పేరు పక్కనే పెట్టండి, పిల్లలకి అది గొప్ప. రాయడం రాని అవ్వ చెబితే మనవరాలు రాయాలి, అవ్వ పేరుతోనే. "మా రోజుల్లో ఈపాటికే వానలు పడేవి" అని తాత అంటే కొట్టిపారేయొద్దు, ఊరికే నమ్మేయొద్దు కూడా, ఈ ఏడు తేదీ రాసిపెట్టండి. ఏడాది చివర ఆ క్యాలెండరు పారేయకుండా చుట్టి బీరువా మీద పెట్టండి. కొత్తదాని పక్కన మేకుకి ఒక పెన్సిలు దారంతో కట్టండి. కట్టకపోతే రెండో రోజుకే అది ఎవరి స్కూలు సంచిలోకో వెళ్ళిపోతుంది.