రాత్రి ఏడింటి క్లాసు

శ్రోతలకు నమస్కారం.

డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. పెళ్లి కుదిరిందనో, నాన్నకు ఒంట్లో బాగోలేదనో, ఫీజు కట్టలేకనో ఆపేస్తారు. పదేళ్లు గడిచాక మళ్లీ చదువుకుంటే బాగుండుననిపిస్తుంది. కానీ ఆ మాట పైకి అనాలంటే మొహమాటం. ఈ వయసులో కాలేజీ ఏమిటంటారేమోనని భయం.

మా పిన్ని కూతురిది సరిగ్గా ఇదే పరిస్థితి. బీయస్సీ రెండేళ్లు చదివాక పెళ్లయి అమెరికా వెళ్లింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. పోయినేడు ఫోన్ చేసి, "అక్కా, కాలేజీలో చేరాను. క్లాసులో నా పక్కన కూర్చునేది లారీ నడిపి రిటైరైన పెద్దాయన" అంది. అది వాళ్ల ఊరి కమ్యూనిటీ కాలేజీ, అంటే ఆ చుట్టుపక్కలవాళ్లు ఏ వయసులోనైనా చేరి రెండేళ్ల డిగ్రీ చదువుకునే కాలేజీ.

ఈ కాలేజీల కథ 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైంది. అక్కడి హైస్కూలు సూపరింటెండెంట్ జె. స్టాన్లీ బ్రౌన్, షికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ కలిసి ఆరుగురు విద్యార్థులతో అలాంటి మొదటి కాలేజీని ప్రారంభించారు. పిల్లలు సొంత ఊళ్లోనే రెండేళ్లు చదువుకుని ఆ తర్వాత యూనివర్సిటీకి వెళ్లాలన్నది వాళ్ల ఉద్దేశం. ఇప్పుడు దేశమంతా కలిపి ఇలాంటివి సుమారు వెయ్యి ఉన్నాయి. చేరడానికి ర్యాంకు అక్కర్లేదు. హైస్కూలు పూర్తిచేసి ఉంటే, చాలాచోట్ల తలుపు తెరిచే ఉంటుంది.

ఇక్కడి రెండేళ్ల డిగ్రీని అసోసియేట్ డిగ్రీ అంటారు. దానికి మామూలుగా 60 క్రెడిట్లు కావాలి. క్రెడిట్ అంటే మన పొదుపు సంఘంలో నెలనెలా వేసుకునే డబ్బులాంటిది. ఒక సబ్జెక్టు పాసైతే సాధారణంగా మూడు క్రెడిట్లు జమవుతాయి. ఒక సెమిస్టర్ మానేసినా అప్పటిదాకా జమ అయినవి చాలావరకు అలాగే ఉంటాయి. సెమిస్టర్‌కి రెండే సబ్జెక్టులు తీసుకుంటే, ఏడాదికి రెండు సెమిస్టర్ల లెక్కన అయిదేళ్లు పడుతుంది. పట్టనివ్వండి! ఎటూ ఆ అయిదేళ్లు గడిచిపోయేవే కదా. సాయంత్రం క్లాసులు, ఆన్‌లైన్ క్లాసులు, ఎనిమిది వారాల్లో ముగిసే కోర్సులు కూడా ఉంటాయి.

ఈ డిగ్రీల్లో చాలా రకాలున్నాయి. జనరల్ స్టడీస్ అనేది అన్నిటికన్నా వెసులుబాటున్నది. ఇంగ్లీషు, లెక్కలు లాంటివి కొన్ని తప్పనిసరి. మిగతావి చరిత్రో, కంప్యూటరో, అకౌంట్సో మన ఇష్టం. వేర్వేరు కాలేజీల్లో ముక్కలుముక్కలుగా చదివి వదిలేసినవాళ్లకు ఆ ముక్కలన్నీ ఒకచోట చేర్చుకునే దారి ఇది. రెండోది వృత్తి చదువు. వెల్డింగ్, ఏసీ మెకానిక్ పని, ఆటోమొబైల్, ఎక్స్‌రే టెక్నీషియన్ పని, పళ్ల ఆసుపత్రిలో పళ్లు శుభ్రంచేసే హైజీనిస్టు పని లాంటివి. నాకు బాగా నచ్చిన విషయం ఇందులోనే ఉంది. ఎలక్ట్రీషియన్‌గానో ప్లంబర్‌గానో పద్ధతి ప్రకారం అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవాళ్లకు, ఆ పనికి కూడా చాలా కాలేజీలు క్రెడిట్లు ఇస్తాయి. చేతిలో ఉన్న పనిని చదువుగా లెక్కగట్టడం ఎంత గౌరవమో, పనిచేసే కుటుంబంలో పుట్టినవాళ్లకే బాగా తెలుస్తుంది.

నర్సింగ్ సంగతీ చెప్పాలి. రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ చేసినవాళ్లూ, నాలుగేళ్లు చదివినవాళ్లూ రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు కోసం రాసేది ఒకటే పరీక్ష. అయితే రెండేళ్లని పేరే గానీ, అందులో చేరడానికి ముందే అనాటమీ, అంటే శరీర నిర్మాణం, లాంటి సబ్జెక్టులు పాసవ్వాలి. సీట్లు కూడా తక్కువే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నాకు మనసొప్పదు. మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరతారు. అక్కడ అంత తేలిక కాదు. వృత్తి డిగ్రీలో సంపాదించిన క్రెడిట్లన్నీ నాలుగేళ్ల యూనివర్సిటీ తీసుకుంటుందని నమ్మకం లేదు. జనరల్ స్టడీస్‌కీ ఇదే ఇబ్బంది. డిగ్రీ చేతికొస్తుంది గానీ, వెళ్లాలనుకున్న కోర్సుకు కావలసిన సబ్జెక్టులు అందులో ఉండకపోవచ్చు. అందుకే చేరకముందే కాలేజీ అడ్వైజర్‌ని, వెళ్లాలనుకుంటున్న యూనివర్సిటీని కూడా, "ఈ సబ్జెక్టు అక్కడ దేనికింద లెక్కకొస్తుంది?" అని అడగాలి. జవాబు కాగితం మీద తీసుకోవాలి. ఫీజు కట్టాక అడిగితే ఏడుపే మిగులుతుంది.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ మాట వింటుంటే, ఒక చిన్న పని చేయండి. కూతురిదో కోడలిదో ఆగిపోయిన డిగ్రీ మార్కుల మెమోలు ఇంట్లో ఉంటే భద్రంగా తీసిపెట్టండి. విదేశీ చదువుల్ని అక్కడి క్రెడిట్లలోకి లెక్కగట్టే సంస్థలున్నాయి. వాటికి యూనివర్సిటీ నుంచి అధికారికంగా వచ్చిన కాగితాలు కావాలి. అవి తెప్పించుకోవడానికి పాత మెమోల మీది హాల్ టికెట్ నంబరు పనికొస్తుంది.

మా చెల్లి మెమోలు మా పిన్ని బీరువాలో, పట్టుచీరల కింద దొరికాయి. అప్పటి కెమిస్ట్రీ, ఇంగ్లీషు లెక్కలోకొచ్చాయి. ఈ సెమిస్టర్‌లో అనాటమీ తీసుకుంది. క్లాసు రాత్రి ఏడింటికి. ఆ రెండు రోజులూ పిల్లలకు అన్నం తినిపించి పడుకోబెట్టేది మా మరిది గారే.

నమస్కారం.